లింకు కాదు, ఇక్కడే రాయండి

మా తోడికోడలిని అందరూ "అత్తగారు" అంటారు. ఆవిడకి పిల్లలే లేరు, ఇక కోడలెక్కడి నుంచి వస్తుంది? అందరూ అంటే మా వీధివాళ్ళు కాదు లెండి. ఇంటర్నెట్లో "స్క్రూడ్రైవర్ సభ" అని ఒక చర్చావేదిక ఉంది. పాత యంత్రాలు బాగుచేసేవాళ్ళు అక్కడ చేరి, నా మిషను ఇలా మొరాయిస్తోంది, ఏం చెయ్యమంటారు అని అడుగుతారు. తెలిసినవాళ్ళు జవాబిస్తారు. ఆ జవాబులు చెరిగిపోకుండా, ఒకదాంట్లో ఒకటి కలిసి కలగాపులగం కాకుండా, ఎప్పుడు ఎవరికి కావాలన్నా దొరికేలా భద్రపరచడం మా అక్క పని. జీతం లేదు, భత్యం లేదు. తిట్లు మాత్రం కావలసినన్ని.

తోడికోడలిని అక్కా అనడం మా ఇంట్లో అలవాటు. కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. మెట్లు మాత్రం ఇద్దరివీ, అందుకే వాటిని ఎవరూ ఊడవరు. ఆ మాట అంటే ఆవిడ నావైపు చూస్తుంది, నేను చీపురు వైపు చూస్తాను.

అత్తగారనే పేరు రావడానికి కారణం ఆవిడ నోటి మాట ఒకటే: "ఇక్కడే రాయండి." ఎవరైనా జవాబుగా, "దీని గురించి అంతా ఫలానా చోట ఉంది, చూసుకోండి" అని ఒక లింకు పారేసి పోతే ఆవిడ ఊరుకోదు. లింకు ఇవ్వొద్దని అనదు. కానీ ఆ లింకు వెనక ఏముందో, ఏ స్క్రూ ముందు విప్పాలో, ఏ తీగ తర్వాత ఊడదీయాలో, సమస్తం ఈ పేజీ మీదే రాసి, ఆ కింద లింకు పెట్టుకోమంటుంది. లేదంటే జవాబు నెత్తిన ఎర్ర అక్షరాల్లో ఆవిడ మాట ప్రత్యక్షమవుతుంది. పూర్తిగా రాసేదాకా ఆ జవాబు మిగతావాళ్ళకి కనపడనే కనపడదు.

"అంతంత రాయాలంటే చేతులు పడిపోతున్నాయి అత్తగారూ" అని ఒకాయన మొత్తుకున్నాడట.

"లింకివ్వడమంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. మీ జేబులోంచి పోయిందేముంది? రేపు ఆ అత్త తలుపేసుకుంటే, పుచ్చుకున్నవాడు ఎవరింటికెళ్ళి అడగాలి?" అని ఈవిడ జవాబు.

ఈ చాదస్తం ఆవిడకి ఊరికే రాలేదు. అక్క చాలా ఏళ్ళు ఆఫీసు మిషన్లు బాగుచేసే కంపెనీలో పనిచేసింది. జెరాక్సు మిషన్లు, ప్రింటర్లు, కాగితాలు తెగ్గొట్టే యంత్రాలు. ఒకసారి ఏదో ఆఫీసులో పెద్ద జెరాక్సు మిషను విప్పి, దాని పేగులన్నీ నేల మీద పరుచుకుని కూర్చుందట. చుట్టూ జనం. ఎక్కడ తేడా ఉందో అంతుపట్టలేదు. ఫోన్లో వెతికితే సరిగ్గా అదే జబ్బు గురించి ఎవరో ఎప్పుడో రాసిన చర్చ దొరికింది. పేజీలకి పేజీలు బాధపడ్డాక, చివరన ఆ మనిషే, "దొరికిందోచ్! మందు ఇక్కడుంది" అని ఒక లింకు పెట్టి మాయమయ్యాడు. నొక్కితే ఆ పేజీ లేదు. అసలు ఆ సంస్థే లేదు. "వాడి సంతోషం మిగిలింది గానీ సంగతి పోయింది చెల్లీ" అని చెబుతుంది అక్క ఇప్పటికీ. ఆ రోజు పేగులన్నీ మళ్ళీ పొట్టలో కుక్కి, తలొంచుకుని వచ్చేసిందట. కంపెనీ మానేసి ఇంటి ముందుగదిలో బల్ల వేసుకున్నాక, స్క్రూడ్రైవర్ సభ పెత్తనం తీసుకుని మొదట పెట్టిన నియమం ఇదే.

నాకు మాత్రం ఇదంతా పనీపాటా లేని పెత్తనంలా కనిపించేది. ఎవరో ఎక్కడో ఏదో మిషనుకి ఏ స్క్రూ ఊడదీస్తే ఈవిడకెందుకు? టీ చల్లారిపోతుంటే ఎర్ర అక్షరాలు కొడుతూ కూర్చునేది. మా బావగారు ఆ టీ తానే తాగేసి, ఖాళీ కప్పు ఆవిడ ముందు పెట్టేవారు. ఆవిడ ఖాళీ కప్పే ఎత్తి నోటి దగ్గర పెట్టుకునేది.

ఇక మా ఆయన సంగతి. ఆయన డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతారు. గొంతే ఆయన పనిముట్టు. వీధి చివర ఎవరో పిల్ల వణుక్కుంటూ గేరు మారుస్తుంటే ఆయన గొంతు మా మేడ మీదికి వినిపించేది. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఇక రాదన్నారు. ఆ మాట విన్న రోజు మేం ముగ్గురం ఏడ్చాం. ఆయన మాత్రం, "పోనీలే, మా ఆవిడతో వాదించే బాధ తప్పింది" అన్నారు. దానికి నేను ఇంకాస్త ఏడ్చాను.

అక్క అప్పుడు ఎక్కడో వెతికి ఒక డబ్బా కొని పట్టుకొచ్చింది. ఎవరో వాడి వదిలేసింది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, పైన వరసలు వరసలుగా మీటలు, మీట మీద చిన్న బొమ్మ. మనిషి మాట్లాడుతుండగా అందులో మాట దాచుకోవచ్చు. తర్వాత ఆ మీట నొక్కినప్పుడల్లా అదే గొంతు, అదే మాట. మేం దాన్ని మాటల డబ్బా అన్నాం. ఆపరేషన్‌కి ముందు ఆయన తలుపేసుకుని కూర్చుని, మాట తర్వాత మాట అందులోకి ఎక్కించారు. తీరా వింటే ఇంటి మాటలు తక్కువ, బండి మాటలు ఎక్కువ. "అద్దంలో చూడు. నీ మొహం కాదు, వెనకొచ్చే బండిని!" అని ఒకటి. "పక్కవాడు హారన్ కొడితే నీకేం, నీ దారిన నువ్వు పో" అని ఒకటి. "బ్రేకు!" అని ఒకటి, చెవులు చిల్లులు పడేలా.

"కట్టుకున్నదానికి ఒక్క మంచి మాటా లేదా ఇందులో?" అన్నాను.

"నీకు నేను మాట్లాడకపోయినా తెలుస్తుంది. వాళ్ళకి బ్రేకు తెలీదుగా" అన్నారు.

ఆపరేషన్ అయింది, గాయం మానింది, ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళారు. డబ్బాని బండి ముందు అద్దం కింద బిగించుకుని, దానికి బండిలోంచే కరెంటు ఇచ్చుకుని నేర్పేవారు. మొదట్లో స్కూలు యజమాని సందేహించాడు గానీ, పిల్లలు మాత్రం ఆ డబ్బా అరిస్తే ఇంకా తొందరగా బ్రేకు తొక్కేవాళ్ళట. మనిషి పక్కనుంటే గొంతు డబ్బాలోంచి రావడం నాకు కొన్నాళ్ళు ఏదోలా అనిపించింది. తర్వాత ఆ గొంతు వినపడకపోతే ఇల్లు ఇల్లులా అనిపించేది కాదు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు మరి. ఫోన్లో వీడియోలు లేవా అంటారు. కెమెరా ఎత్తితే ఫ్యాను వెనకైనా దాక్కునే రకం ఆయన. ఉన్న ఒకటీ అరలో నవ్వు తప్ప మాట లేదు. డబ్బాలోవి ఫోన్లోకి ఎక్కిద్దాం, ఎక్కిద్దాం అనుకుంటూనే ఉన్నాం. ఇంట్లో ఉన్న వస్తువేగా, ఎక్కడికి పోతుందని.

అలాంటిది ఒక పొద్దున పాఠం మధ్యలో డబ్బా కుయ్ మంది. ఆయన ఏ మీట నొక్కినా మాట రాలేదు, కుయ్ కుయ్ మనే కూత తప్ప. నేర్చుకుంటున్న పిల్లని దింపేసి, బండి తిప్పుకుని, డబ్బాని చంకలో పెట్టుకుని పరుగున ఇంటికొచ్చారు. డబ్బాని గోడకి తగిలించి కరెంటిచ్చారు. కూత ఆగలేదు. మాట పోయాక దగ్గరుంచుకునే పలక తీసి, "మాట్లాడటం లేదు" అని రాశారు. ఆయన రాత ఎప్పుడూ అంత పెద్దగా ఉండదు.

నేను వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే అతన్ని పిలుచుకొచ్చాను. మంచివాడే. డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల చిన్న బొత్తాం బ్యాటరీ ఉంటుందండీ, అది అయిపోవచ్చింది, అందుకే ఈ కూత. మూత విప్పి కొత్తది వేస్తే సరి, అయిదు నిమిషాల పని" అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఆగు నాయనా!" అని కేక వేసింది అక్క. కింద నుంచి బావగారితో ఎప్పుడు ఎక్కి వచ్చిందో తెలీదు. "మూత తీస్తే లోపలికి కరెంటు తెగుతుందా తెగదా?"

"అది తెలీదండీ."

"నాకూ తెలీదు. కొన్ని డబ్బాల్లో మూత కింద చిన్న మీట ఉంటుంది. మూత లేచిందా, షాక్ కొట్టకుండా కరెంటు తెంపేస్తుంది. ఇందులో మాటలు నిలబడాలంటే కరెంటైనా ఉండాలి, ఆ బొత్తామైనా బతికుండాలి. బొత్తాం బండిలోంచి ఇంటిదాకా ఎలాగో మోసుకొచ్చింది, ఇక పోయినట్టే. మూత తీస్తే కరెంటూ పోతే?"

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నాడు. "మరి మూత తియ్యకుండా బ్యాటరీ మార్చడం ఎలాగండీ?" అన్నాడు. ఎలాగో ఎవరికీ తెలీదు. కొత్త బొత్తాం బ్యాటరీ ఒకటి బల్ల మీద పెట్టి, ఎలా అయిందో చెప్పండమ్మా అని వెళ్ళిపోయాడు. నేను గోడకున్న ప్లగ్గు వైపే చూస్తూ నిలబడ్డాను. మా వీధిలో కరెంటు ఎవరికీ చెప్పి పోదు. అది రెప్పపాటు పోయినా ఆయన గొంతు ఇక ఎన్నటికీ వినను.

అక్క డబ్బా వెనక అంటించి ఉన్న అంకెలు చూసుకుని, స్క్రూడ్రైవర్ సభలో వెతికింది. ముందు దొరికింది ఒక పాత ప్రశ్న. చూసి నేను సంతోషపడ్డాను. అడిగింది మా అక్కే! "మా మరిది కోసం ఈ డబ్బా కొన్నాం. ముందుముందు విప్పాల్సి వస్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని. కింద ఎవరో జవాబిచ్చారు: "అన్ని జాగ్రత్తలూ వివరంగా ఇక్కడున్నాయి." ఆ పక్కన లింకు. అంతే. దాని కింద ఎర్ర అక్షరాలు లేవు. "చూశాను, ధన్యవాదాలు" అని ఉంది. ఆ ధన్యవాదాలు చెప్పింది కూడా మా అక్కే.

అక్క లింకు నొక్కింది. ఆ చిరునామాలో ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు. ఒకావిడ పరుపు మీద కూర్చుని మమ్మల్ని చూసి నవ్వుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊరందరి చేతా చేతులు పడిపోయేలా రాయించావు కదక్కా! మనింటి సంగతికొచ్చేసరికి ధన్యవాదాలా? అదేదో ఆ రోజే ఇక్కడే రాయండి అని ఉంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన పలక మీద "ఆపు" అని రాసి నా ముందు పెట్టారు. పలక తిప్పేసి మళ్ళీ అన్నాను.

అక్క తేదీ మీద వేలు పెట్టి చూపించింది. "ఆపరేషన్ రోజే ఇది. వాణ్ణి లోపలికి తీసుకెళ్తున్నారు. మంచం పక్కన నడుస్తూ ఫోన్లో చూశాను. ఏం రాశారో చదవను కూడా లేదు. ఏదో ఒకటి వచ్చిందిలే అనుకున్నాను" అంది. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా ఆయన బడికి వెళ్ళే పిల్లాడు. రోజూ తల దువ్వి పంపింది ఆవిడే. వదినా అనే ఆ పిలుపు ఆ డబ్బాలోనే ఉంది. నా నోరు అప్పటికి మూతపడింది. నా బాధ నాదైతే ఆవిడ బాధ ఆవిడది. ఇద్దరికీ ఒకటే గొంతు పోతోంది.

"ఇంకోటేదో ఉంది చూడు" అన్నాను, కాస్త తగ్గి. వెతికిన చోట రెండో జవాబు కూడా కనిపిస్తోంది. అది మామూలు చర్చల్లో లేదు, "సరదా" అనే మూలలో ఉంది. రాసినవాడి పేరు తుప్పు. ఆ పేరు చూడగానే అక్క ముఖం చిట్లించుకుంది.

తుప్పు అంటే సభలో అక్కకి కొరకరాని కొయ్య. లింకులు ఇవ్వడంలో దిట్ట, ఎర్ర అక్షరాలు తిన్నవాళ్ళలో మొదటివాడు. అక్క ఆ రోజు ధన్యవాదాలు చెప్పడం అతని కంట పడింది. ఇంకేం, దొరికింది సందు. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ! అత్తగారికి లింకు చాలట, మనకి మాత్రం చాలదట. అత్తగారు మరిచిపోయిన అత్తగారి ఆజ్ఞని నేను శిరసావహిస్తున్నాను. ఇదుగో, సంపూర్ణంగా, ఒక్క ముక్క వదలకుండా, ఇక్కడే రాస్తున్నాను" అని మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు ఇది మిమ్మల్ని వెక్కిరించడమే, తీసెయ్యండి అన్నారట. అక్క ఆస్పత్రి నుంచి వచ్చాక పైపైన చూసి, "తిడితే తిట్టాడు, పూర్తిగా తిట్టాడు. తియ్యడానికి నియమం ఒప్పుకోదు" అని సరదా మూలకి నెట్టేసింది. కడదాకా చదవలేదు. మనల్ని తిట్టింది కడదాకా ఎవరు చదువుతారు?

ఇప్పుడు నేను పైకి చదివాను.

"పొద్దున లేచాను. కుడి వైపు నుంచి లేచాను. పళ్ళు తోముకున్నాను, బ్రష్షు నీలం రంగు. కుర్చీ లాక్కున్నాను. కుర్చీకి నాలుగు కాళ్ళు, ఒకటి పొట్టి, కింద అట్టముక్క పెట్టాను. మా పక్కింటి పెద్దాయన డబ్బా ముందు పెట్టుకున్నాను. దాని వెనక రాసి ఉన్న అంకెలు యథాతథంగా ఇవి" అని, ఒక్కటీ వదలకుండా అంకెలన్నీ వేశాడు. అందుకే వెతికితే దొరికింది.

"వీడి దుంప తెగ" అంది అక్క.

"మా ఆవిడ దువ్వెన అడిగాను. ఎందుకంది. అత్తగారి కోసం అన్నాను. ఏ అత్తగారంది. ఈ సంభాషణ సంపూర్ణంగా రాస్తే కాగితం చాలదు గనక క్షమించాలి. దువ్వెన గోధుమ రంగు. చివరి పన్ను లావుగా ఉంటుంది, దాన్ని విరిచాను. ఎందుకంటే, అత్తగారూ, ఈ డబ్బా మూత కింద ఒక దొంగ మీట ఉంది. మూత లేస్తే అది కరెంటు తెంపుతుంది. ముసలాయన మాటలన్నీ గాల్లో కలిసిపోతాయి."

నేను చదవడం ఆపేశాను. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తను చదవబోయి, తను చదివితే ఎవరికీ వినపడదని గుర్తొచ్చి, తిరిగి నాకే ఇచ్చేశారు. ఆ కంగారులో కూడా మా బావగారికి నవ్వొచ్చింది.

మిగతాది కూడా అలాగే ఉంది, వెటకారం ఒక పాలు, సంగతి ఒక పాలు. గోడ కరెంటు తియ్యకూడదు. స్పీకర్ పక్కన ఎడమ వైపు సన్నటి సందు ఉంటుంది, దువ్వెన పన్ను అందులోకి మెల్లిగా దూర్చాలి. మెత్తగా టక్ మంటుంది, అదే దొంగ మీట అణగడం. అక్కడ పన్నుని టేపుతో అంటించెయ్యాలి. అప్పుడు స్క్రూలు. మూత వేలెడంత ఎత్తి ఆగాలి. లోపల ఎర్ర దీపం వెలుగుతుంటే దేవుడున్నట్టు. ఆరితే మూత దించేసి మళ్ళీ మొదట్నించి. కొత్త బొత్తాం వేసేటప్పుడు, అన్నిట్లోలా కాకుండా ఇందులో కూడిక గుర్తు కిందికి రావాలి. ఇదంతా అయ్యాక అతను భోజనం కూడా చేశాడు. ఏం తిన్నాడో కూడా రాశాడు.

వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటే ఇదే. ఇన్నాళ్ళూ సరదా మూలలో పడి ఉంది.

నా దువ్వెన కొత్తది. అక్క అడక్కుండానే విరిచేసింది, నేనూ ఏమీ అనలేదు. మేమందరం బల్ల చుట్టూ చేరాం. బావగారు ప్లగ్గుని గోడకేసి అదిమి పట్టుకున్నారు, కరెంటు పారిపోకుండా తానే ఆపుతున్నట్టు. నేను వాక్యం చదవడం, అక్క ఆ పని చెయ్యడం, చేశాక "ఊఁ" అనడం. పన్ను సందులోకి వెళ్ళింది. టక్ మన్నది నాకు వినపడలేదు, అక్క వేలికి తెలిసిందట. టేపు. స్క్రూలు. మూత అంచు లేస్తుంటే మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

"వెలుగుతోంది" అంది అక్క. "వెలుగుతోందిరా, కళ్ళు తెరు."

లోపల ఎర్ర దీపం నిక్షేపంగా ఉంది. ఆవిడ పాత బొత్తాం తీసి, కొత్తది కూడిక గుర్తు కిందికి పెట్టి నొక్కింది. కూత ఆగిపోయింది. పొద్దుటి నుంచి చెవుల్లో దూరి కూర్చున్న ఆ కూత ఆగేసరికి, వీధిలో ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు కూడా వినపడింది. మూత బిగించి, పన్ను లాగేసి, డబ్బాని ఆయన ముందుకు జరిపింది. నొక్కమని చెప్పలేదు. చెప్పడానికి భయం.

ఆయన మీటల మీద వేలు ఆడిస్తూ, మా ముఖాలన్నీ ఒకసారి చూసి, ఒకటి నొక్కారు.

"బ్రేకు!"

బావగారు ప్లగ్గు వదిలేసి ఎగిరిపడ్డారు. అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను మా ఆయన భుజం మీద ఒక్కటి వేశాను, ఆ తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చాను. పోయిన ప్రాణం తిరిగొచ్చిందని అంటారు, నాకు మాత్రం పోయిన మొగుడు తిరిగొచ్చినట్టుంది. పక్కనే ఉన్నాడు కదా అనకండి. ఉన్నారు. అయినా తిరిగొచ్చారు. ఆ తుప్పు ఎవడో, వాడి కడుపు చల్లగుండ, వాడు ఇంకో వెయ్యి వెక్కిరింతలు రాయాలి.

ఆ పూట వేరే పని ఏదీ జరగలేదు. ఫోన్ పక్కన పెట్టి, ఆయన మీటలన్నీ వరసగా నొక్కితే ప్రతి మాటనీ ఎక్కించాం. అక్కడితో ఆగితే మా అక్క ఎందుకవుతుంది? అక్క ఫోన్లోనూ పెట్టింది, బావగారి ఫోన్లోనూ పెట్టింది. ఏ మీటకి ఏ మాటో నా చేత కాగితం మీద కూడా రాయించింది. చేతులు పడిపోతున్నాయక్కా అన్నాను. ఊఁ, రాయి అంది.

తర్వాత ఆవిడ తన పాత ప్రశ్న దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ లింకు తీసెయ్యలేదు, కింద తను చెప్పిన ధన్యవాదాలూ చెరపలేదు. వాటి కింద రాయడం మొదలుపెట్టింది. ఈ జవాబుకి ఇక్కడే రాయండి అని నేను అనవలసింది, అనలేదు, అందువల్ల మా ఇంట్లో ఏం జరగబోయిందో వినండి అని. దువ్వెన, సందు, టేపు, ఎర్ర దీపం, కూడిక గుర్తు, అన్నీ రాసింది. ఈ సంగతి కాపాడింది తుప్పు గారని, వారి రచనని సరదా మూల నుంచి తీసి ఈ పేజీకి తెస్తున్నానని, వారు తిన్న భోజనంతో సహా ఉంచుతున్నానని రాసింది. అంతా అయ్యాక పంపే మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఏమైందక్కా?"

"ఇన్నేళ్ళు అందరి నెత్తినా ఎక్కి కూర్చున్నాను. ఇది చూస్తే నవ్వుతారే" అంది. అత్తగారి గొంతు కాదది. పొద్దున నేనన్న మాటలు ఆవిడ చెవుల్లో ఇంకా ఉన్నాయేమో.

మా ఆయన డబ్బా పట్టుకుని కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఆవిడ రాసిందంతా ఆవిడ భుజం మీదుగా చదివారు. ఆ తర్వాత మీటల మీద బొమ్మలు వెతకసాగారు. ఈ సందర్భానికి తగిన మాట ఆయన దాచుకోలేదు. ధన్యవాదాలు లేదు, క్షమించు లేదు, ఒకటీ అరా పిలుపులు తప్ప బండి మాటలే ఉన్నాయి. చివరికి మొదటిసారి పెద్ద రోడ్డు ఎక్కేవాళ్ళకి చెప్పే మీట దొరికింది. వంగి, డబ్బా ఆవిడ చెవి దగ్గర పెట్టి నొక్కారు.

"ఏం కాదమ్మా. పక్కన నేనున్నాగా. పోనీ."

అక్క పంపేసింది. పంపేసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి మరిది చెయ్యి పట్టుకుని, ఇంకోసారి నొక్కరా అంది.